వేటగాడు లేని చావులు

2018 నవంబరు 15న చంద్రపూర్ జిల్లా జునోనా అడవిలో మూడు పులి పిల్లలు రైలు కింద పడి చచ్చిపోయాయి. గోందియా–బల్లార్షా మార్గంలో రోజూ తిరిగే రైళ్లలో అదొకటి. నడిపేవాడికి పులి మీద పగ లేదు, ఎక్కినవాళ్లకు సంగతే తెలియదు. మన వన్యప్రాణి చట్టం ఊహించుకున్న నేరస్థుడు తుపాకీయో ఉచ్చో విషమో పట్టుకుని అడవిలో దూరేవాడు. ఆ పూట పట్టాల మీద అలాంటివాడెవడూ లేడు. సముద్రపు గాలి సోకని ఈ బొగ్గు గనుల జిల్లా నుంచి తిమింగలాల గురించి రాయడం విడ్డూరంగా తోచవచ్చు. ఊరి పక్కన పారే ఇరయి నది నీళ్లు వార్ధాలో కలిసి, వార్ధా వైన్‌గంగతో చేరి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడి చివరికి బంగాళాఖాతానికే పోతాయన్న మాట నిజమే గానీ, ఇక్కడ చెప్పదలుచుకున్నది ఆ చుట్టరికం గురించి కాదు. ఎవరూ చంపాలనుకోకుండానే ఒక పెద్ద జంతువు ఎలా చస్తుందో ఇక్కడి తాడోబా పులుల అభయారణ్యం చుట్టుపక్కల వాళ్లకు తెలిసినంతగా రేవు పట్టణాల వాళ్లకు కూడా తెలియకపోవచ్చు. సముద్రంలో ఇప్పుడు జరుగుతున్నది అదే. తిమింగలాన్ని కాపాడటమంటే వేటగాణ్ణి పట్టుకోవడమే అనుకున్నంతకాలం మనం రాసే చట్టాలూ పెట్టే ఖర్చులూ గురి తప్పుతూనే ఉంటాయి.

వేటగాడి కాలం ఒకటి ఉండేది, అదేమీ చిన్నది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్క పారిశ్రామిక వేటకే దాదాపు 29 లక్షల తిమింగలాలు బలయ్యాయని వేట రికార్డులన్నీ కూడిన పరిశోధకులు తేల్చారు. దక్షిణ ధ్రువ సముద్రంలో ఒకప్పుడు 2 లక్షల 39 వేల దాకా ఉన్న నీలి తిమింగలాలు 1970ల మొదట్లో 360కి పడిపోయాయి. 1946 నాటి ఒప్పందంతో పుట్టిన అంతర్జాతీయ తిమింగల వేట సంఘం మొదట్లో వేటాడే దేశాలు తమలో తాము వాటాలు పంచుకునే వేదికే. అది మెల్లగా మారి, 1979లో సీషెల్స్ ప్రతిపాదన మీద హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయస్థలంగా ప్రకటించింది. 1982లో వాణిజ్య వేట ఆపాలని తీర్మానించి 1985–86 నుంచి అమల్లో పెట్టింది. భారతదేశం 1981లో ఆ సంఘంలో చేరింది. మనకూ ఇందులో సొంత దెబ్బ ఒకటి ఉంది. 1960ల మధ్యలో సోవియట్ వేట నౌకలు లెక్కల్లో చూపకుండా అరేబియా సముద్రంలో 242 హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపాయి. ఆ సంగతి సోవియట్ యూనియన్ కూలిపోయాక గానీ బయటపడలేదు. మిగతా హంప్‌బ్యాక్‌లలా ధ్రువాల వైపు వలస పోకుండా ఏడాది పొడవునా అరేబియా సముద్రంలోనే ఉండిపోయే జాతి అది. ఒమన్ తీరంలో తీసిన ఫొటోలను బట్టి కట్టిన అంచనా ప్రకారం మిగిలినవి 82. వాటిలో లుబాన్ అని పేరు పెట్టిన ఆడ తిమింగలానికి 2017లో ఉపగ్రహ ట్యాగు అమర్చితే, అది సముద్రం అడ్డంగా దాటి మన పడమటి తీరానికి వచ్చింది. అంటే ఒమన్ లెక్కించుకుంటున్నవి మనవి కూడా.

వేట నిషేధం పనిచేసింది, అందులో సందేహం లేదు. బ్రెజిల్ తీరానికి వచ్చే హంప్‌బ్యాక్‌లు ఒక దశలో 450కి దిగజారి, 2019 నాటి అంచనాకు మళ్లీ 25 వేలకు చేరాయి. కానీ అది ఎందుకు పనిచేసిందో గమనించాలి. చంపేవాళ్లు కొద్దిమంది, చంపే సాధనం ఒక్కటే, చంపడమే వాళ్ల ఉద్దేశం. అలాంటి పనిని మానమని చెప్పవచ్చు, మానకపోతే పట్టుకోవచ్చు. జపాన్ 2019లో సంఘం నుంచి బయటికి వచ్చి మళ్లీ వేట మొదలుపెట్టింది. నార్వే, ఐస్‌లాండ్ ఎప్పటినుంచో సంఘం మాట లెక్కచేయడం లేదు. ఆర్కిటిక్ తీరపు ఆదివాసుల తిండి వేటను కలుపుకున్నా పెద్ద తిమింగలాల వేట ఇప్పుడు ఏడాదికి వెయ్యి అటూ ఇటూ ఉంటుంది. మరోపక్క చేపల వలల్లో చిక్కి చచ్చే తిమింగలాలు, డాల్ఫిన్లు కలిపి ఏటా 3 లక్షలని ఒక ప్రసిద్ధమైన అంచనా. కోపమంతా మొదటి అంకె మీద కుమ్మరించి రెండో అంకెను పక్కన పెట్టేయడం మన పత్రికలకే పరిమితమైన అలవాటు కాదు, ప్రపంచమంతా అంతే. హార్పూన్‌కు ముఖం ఉంది, వలకు లేదు.

ఓడ దెబ్బతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇక్కడ సాక్ష్యం తేటగా ఉంది. అమెరికా, కెనడా తూర్పు తీరాల్లో బతికే ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు ఇప్పుడు 400 లోపే. ఒడ్డుకు దగ్గరగా, నిదానంగా, నీటి మట్టానికి కాస్త కింద ఈదే జంతువు. ఓడ వస్తున్నా పక్కకు తప్పుకోదు. ఓడ వేగానికీ చావుకూ ఉన్న సంబంధాన్ని 2007లో కెనడా పరిశోధకులు లెక్కగట్టారు: 15 నాట్ల వేగంతో కొడితే తిమింగలం చనిపోయే అవకాశం వందకు 80, సుమారు 9 నాట్లకు తగ్గితే అదే వందకు 20. దీన్ని పట్టుకుని అమెరికా 2008 చివర్లో ఒక నియమం పెట్టింది. తిమింగలాలు తిరిగే కాలంలో, తిరిగే చోట, 65 అడుగులు, ఆపై పొడవున్న ఓడలు 10 నాట్లు, అంటే గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు, దాటకూడదు. తర్వాతి ఐదేళ్లలో ఆ ప్రాంతాల్లోగానీ వాటి పరిసరాల్లోగానీ ఓడ తగిలి చచ్చిన రైట్ తిమింగలం ఒక్కటీ దొరకలేదు. ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. సముద్రం వేడెక్కి, తిమింగలాల మేత ఉత్తరానికి జరిగింది. మేత వెంట అవి కెనడాలోని సెయింట్ లారెన్స్ అఖాతానికి వెళ్లాయి. అక్కడ ఏ నియమమూ లేదు. 2017లో ఒక్క ఏడాదిలో 17 చచ్చాయి, అందులో 12 కెనడా నీళ్లలోనే, కొన్ని ఓడల దెబ్బకు, కొన్ని పీతల బోనుల తాళ్లు చుట్టుకుని. నియమం తప్పు కాదు, అది ఉన్నచోటే ఉండిపోయింది, జంతువు కదిలింది. కెనడా ఆ తర్వాత జంతువు కనిపించిన చోటల్లా ఓడల వేగం తగ్గించేలా, చేపల, పీతల వేట మూసేసేలా పద్ధతి మార్చుకుంది. గీత గీసి వదిలేసే అభయారణ్యం ఆలోచనకు ఇంతకంటే గట్టి సమాధానం అక్కరలేదు.

మన ఓడల విషయానికొస్తే చూడాల్సింది శ్రీలంక దక్షిణ కొన, దోంద్రా తీరం. పాక్ జలసంధి లోతు చాలదు కాబట్టి ముంబై, కాండ్లా వైపు నుంచి కృష్ణపట్నం, విశాఖ, పారాదీప్ రావాలన్నా ఓడ శ్రీలంకను చుట్టి రావాల్సిందే. సూయజ్ నుంచి సింగపూర్ పోయే ప్రపంచ వ్యాపారమంతా అదే దారి. అక్కడ తీరానికి దగ్గర్లోనే సముద్రపు అడుగు నిలువుగా లోయలోకి దిగుతుంది, ఆ అంచున మేత దొరుకుతుంది, అందుకని నీలి తిమింగలాలు ఏడాది పొడవునా అక్కడ ఉంటాయి. వాటిని చూపించే పర్యాటక పడవలు మిరిస్సా నుంచి బయల్దేరి ఓడల దారిలోకే వెళ్తాయి. భూమి మీద పుట్టిన జంతువులన్నిటిలోకీ పెద్దదాని మేత, ప్రపంచంలోని అత్యంత రద్దీ దారుల్లో ఒకటి, రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఓడల దారిని దక్షిణానికి 15 నాటికల్ మైళ్లు, అంటే 28 కిలోమీటర్లు, జరిపితే ఢీకొనే ప్రమాదం వందకు 95 పాళ్లు తగ్గుతుందని శాస్త్రవేత్తలు లెక్కవేశారు. మహాసముద్రం దాటే ప్రయాణంలో ఆ కాస్త పక్కదారి ఒక లెక్కలోది కాదు. అయినా ఏళ్ల తరబడి ఆ దారి అధికారికంగా కదల్లేదు, ఎందుకంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ముందు ఆ ప్రతిపాదన పెట్టాల్సింది శ్రీలంక ప్రభుత్వం, ఒడ్డుకు దూరమైతే ఓడలు తమ రేవులకు రావడం తగ్గుతుందేమోనన్నది దాని బెంగ. ఈలోగా ప్రపంచంలోకెల్లా పెద్ద కంటైనర్ సంస్థ ఎంఎస్‌సి 2022 మధ్య నుంచి తన ఓడలను తనంతట తానే దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. చట్టం లేకుండా, జరిమానా లేకుండా, ఒక కార్యాలయం పటం మీద గీతను జరిపింది. (అదే సంస్థ ఓడ ఎల్సా 3 2025 మేలో కేరళ తీరంలో 640 కంటైనర్లతో మునిగి, ప్లాస్టిక్ గుళికలను బీచుల నిండా పరిచింది. ఒక విషయంలో మంచి పేరు తెచ్చుకున్నంత మాత్రాన మరోచోట యోగ్యతాపత్రం ఇచ్చేయనక్కర్లేదు.)

వేగం తగ్గిస్తే సరుకు ఆలస్యమవుతుంది, ఖర్చు పెరుగుతుంది అనేది మొదటి అభ్యంతరం. తేలిగ్గా కొట్టిపారేయలేం, రేవులో బెర్తు దొరికే గంట తప్పితే నష్టం నిజమైనదే. కానీ ఓడ ఇంధన ఖర్చు వేగంతో పాటు పెరిగేది సమపాళ్లలో కాదు, అంతకంటే చాలా ఎక్కువ. అందుకే 2008 మాంద్యం తర్వాత నూనె ధర మండినప్పుడు కంపెనీలు ఎవరూ చెప్పకుండానే వేగం తగ్గించుకున్నాయి. పైగా అడుగుతున్నది మొత్తం ప్రయాణమంతా పాకమని కాదు, తిమింగలాలున్న కొద్ది దూరంలో, కొద్ది నెలలు. ఈ మాట ఇక్కడి వాళ్లకు కొత్త కాదు. నాగ్‌పూర్–సివనీ మధ్య పెంచ్ అడవిలో 44వ జాతీయ రహదారిని వెడల్పు చేసినప్పుడు జంతువులు కింద నుంచి దాటేలా తొమ్మిది వంతెనలు కట్టారు, పెద్దది 750 మీటర్లు. రహదారి ఆగలేదు, లారీలు ఆగలేదు. పులులు ఆ వంతెనల కింద నుంచి దాటుతున్నాయని డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ కెమెరాలు పట్టాయి. కట్టకముందు వినిపించిన అభ్యంతరం కూడా ఖర్చే.

ఓడ సంగతి ఇలా ఉంటే వల సంగతి ఇంతకంటే పెద్దది, ఇంతకంటే చిక్కుది. హిందూ మహాసముద్రంలో ట్యూనా కోసం వేసే గిల్‌నెట్లలో 1950 నుంచి 2018 వరకు 41 లక్షల చిన్న తిమింగలాలు, డాల్ఫిన్లు చిక్కి ఉంటాయని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 2004–06 ప్రాంతంలో అది ఏడాదికి లక్ష దాకా వెళ్లింది. ఎక్కువ చిక్కే దేశాల వరసలో ఇరాన్, ఇండోనేసియాల తర్వాత మన పేరు ఉంది. గిల్‌నెట్ నీళ్లలో నిలువుగా వేలాడే సన్నటి నైలాన్ గోడ. రాత్రి వేసి పొద్దున తీస్తారు. చేప తల దూర్చి మొప్పల దగ్గర పట్టుబడుతుంది. డాల్ఫిన్ చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. తోకకు వల చుట్టుకుంటే కొద్ది నిమిషాల్లోనే ఊపిరాడక పోతుంది. పొద్దున వల లాగేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. అంతర్జాతీయ జలాల్లో రెండున్నర కిలోమీటర్లకు మించిన తేలు వలలను ఐక్యరాజ్యసమితి 1992 చివరి నుంచి నిషేధించింది, కానీ తమ తమ జలాల్లో ప్రతి దేశానికీ సొంత లెక్కలున్నాయి. నిషేధంతో ఈ పని ఎంతవరకు నడుస్తుందో మెక్సికో చూపించింది. కాలిఫోర్నియా సింధుశాఖలో తప్ప మరెక్కడా లేని వకీటా అనే చిన్న సముద్ర జంతువు 1997లో సుమారు 570 ఉండేది, ఇప్పుడు పది దగ్గర ఉంది. గిల్‌నెట్ల మీద 2017లో శాశ్వత నిషేధం పెట్టారు; తొతోవాబా చేప గాలితిత్తికి చైనాలో పలికే ధర ముందు ఆ కాగితం నిలబడలేదు. చివరికి కొంత పనిచేసింది, 2022 నుంచి నౌకాదళం సముద్రపు అడుగున దింపిన కొక్కేల సిమెంటు దిమ్మెలు: వల వేస్తే చిరిగిపోతుంది. ఆ దిమ్మెలున్న చోట వలలు దాదాపు పోయాయి. చట్టం చెప్పినప్పుడు కాదు, వలకు ఆ చోట గిట్టుబాటు పోయినప్పుడు.

ఇక్కడ వచ్చే అభ్యంతరం అన్నిటికంటే న్యాయమైనది. ఓడ కంపెనీని వేగం తగ్గించమనడం వేరు, రోజు వేట మీద బతికే గంగపుత్రుణ్ణి వల మార్చమనడం వేరు. అమెరికా ఇదివరకే తాబేళ్లు తప్పించుకునే అమరిక వాడలేదని మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపింది. సముద్ర క్షీరదాలను సరిగ్గా కాపాడని దేశాల చేపలను కూడా కొనబోమని నియమం తెచ్చింది. ఆ మార్కెట్టు వల్ల లాభపడేది ఎగుమతిదారు, వల మార్చాల్సింది పడవవాడు. ఈ అన్యాయాన్ని దాచి తిమింగలాల గురించి మాట్లాడటం నాకు సమ్మతం కాదు. కానీ దీనికి జవాబు మన దేశంలోనే ఉంది, దాన్ని మనం గుర్తించలేదు. గుజరాత్ తీరంలో తిమింగల సొరను (ఇది పేరుకే తిమింగలం, నిజానికి చేప) నూనె కోసం, మాంసం కోసం చంపేవారు. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అయితే తీరం మారింది 2004 నుంచి, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి పనిచేశాక, మొరారీ బాపు దాన్ని పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డతో పోల్చి ప్రవచనాల్లో చెప్పాక. వలలో పడితే వల కోసి వదిలేయాలి. వదులుతున్నట్టు పడవవాడే ఫొటో తీసి పంపితే వల ఖరీదు ప్రభుత్వం ఇస్తుంది. అలా తొమ్మిది వందలకు పైగా సొరలు బతికి బయటపడ్డాయి. మహారాష్ట్ర ప్రభుత్వం 2018 డిసెంబరు నుంచి ఇదే పద్ధతిని తాబేళ్లు, డాల్ఫిన్లు, తిమింగల సొరలు వంటి రక్షిత జీవులన్నిటికీ విస్తరించి, కోసిన వలకు 25 వేల రూపాయల దాకా ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట విరామానికి మత్స్యకార కుటుంబానికి 2025 నుంచి 20 వేలు ఇస్తోంది. వేటకు వెళ్లనందుకు డబ్బివ్వగల రాష్ట్రానికి వల కోసినందుకు ఇవ్వడం కష్టం కాదు. విశాఖ దగ్గర తంతడి తీరంలో 2021 డిసెంబరులో ఒడ్డుకు చిక్కిన భారీ తిమింగల సొరను జాలర్లూ అటవీ సిబ్బందీ కలిసి లోతు నీళ్లలోకి పంపగలిగారు. మనసులు సిద్ధంగానే ఉన్నాయి, కొరత వల బిల్లుదే.

అయితే వల కోయడం కూడా ఆఖరి ఉపాయమే. బతికున్న పెద్ద జంతువుకే అది పనికొస్తుంది, రాత్రి చిక్కి పొద్దున దొరికే డాల్ఫిన్‌కు కాదు. అందుకు వల వేసే తీరు మారాలి. పాకిస్తాన్‌లో ట్యూనా పడవల వాళ్లు గిల్‌నెట్‌ను నీటి మట్టానికి రెండు మీటర్లు కిందకు దించి వేస్తే డాల్ఫిన్లు చిక్కడం బాగా తగ్గిందని డబ్ల్యుడబ్ల్యుఎఫ్ అక్కడి పడవల్లో నమోదు చేసింది. కొత్త వల కొనక్కర్లేదు, తాడు పొడవు పెంచితే చాలు. ఇలాంటివి మన తీరంలో ఎందుకు వాడుకలోకి రాలేదని అడగడానికి శాస్త్రవేత్త కానక్కర్లేదు.

మూడోది శబ్దం, అది కంటికి కనపడదు. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త పోగుచేసిన రాళ్లను, ఆయన పోయాక విదేశంలో పగలగొడుతుంటే ఒక చిన్న జింకలాంటి జంతువు పుర్రె చిట్లి చెవి ఎముక బయటపడింది. ఆ చెవి ఎముక నిర్మాణం తిమింగలాలకు తప్ప వేరే జంతువుకు లేనిది. ఇండోహ్యూస్ అని పేరు పెట్టిన ఆ జీవి, తిమింగలాలు మన నేల మీద నడిచిన జంతువుల చుట్టాలేనని 2007లో రుజువు చేసింది. తిమింగలాన్ని చివరికి గుర్తుపట్టేది చెవితోనే అన్నమాట. వెలుతురు త్వరగా మసకబారే నీళ్లలో అది తిండి వెతికేది, జతను పిలిచేది, పిల్లను దగ్గరుంచుకునేది వినికిడి మీదే. ఓడ ప్రొపెల్లర్ల రొద సరిగ్గా పెద్ద తిమింగలాల పిలుపుల స్థాయిలోనే ఉంటుంది. ఆ రొద వాటినేం చేస్తుందో తేల్చడానికి ఓడలన్నిటినీ ఆపి చూడటం సాధ్యం కాదు; కానీ 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్ని రోజులు కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు బాగా తగ్గిపోయాయి. అప్పటికే రైట్ తిమింగలాల పేడను సేకరిస్తున్న పరిశోధకులు అందులో ఒత్తిడి హార్మోను ఆ రోజుల్లో తగ్గిందని కనుక్కున్నారు. నీటిలో శబ్దం 6 డెసిబెళ్లు పడిపోయింది. నౌకాదళ సోనార్ సంగతి ఇంకా సూటిగా ఉంది. 2000 మార్చిలో బహామాస్ తీరానికి 17 జంతువులు కొట్టుకొస్తే కారణం తన సోనారేనని అమెరికా నౌకాదళం ఒప్పుకుంది. కానరీ దీవుల్లో కూడా విన్యాసాల వెంట ముక్కు తిమింగలాలు గుంపుగా ఒడ్డున పడేవి. 2004లో స్పెయిన్ ఆ జలాల్లో సోనార్ ఆపేశాక అలాంటి గుంపు చావులు ఆగాయి. దేశరక్షణకు సోనార్ కావాలి, తూర్పు నౌకాదళం కేంద్రంగా ఉన్న విశాఖలో ఆ మాట ఎవరూ కాదనరు. కానరీ అనుభవం అడిగేది సోనార్ మానమని కాదు, ఏ లోతు అంచున, ఏ నెలలో మోగించకూడదో తెలుసుకోమని.

ఈ మూడింటి పక్కన మన చట్టాన్ని పెట్టి చూడండి. 1972 చట్టం తిమింగలాలకు పులితో సమానమైన మొదటి షెడ్యూలు రక్షణ ఇచ్చింది. ఆ చట్టం కింద తిమింగలం పేరుతో వార్తల్లోకెక్కేది ఒక్కటే, అంబర్‌గ్రిస్. ‘కోట్ల విలువైన తిమింగలం వాంతి పట్టివేత’ అనే శీర్షిక మరాఠీలోనూ తెలుగులోనూ పాఠకులకు కంఠస్థమై ఉంటుంది. అది వాంతి కూడా కాదు, స్పెర్మ్ తిమింగలం పేగుల్లో గట్టిపడ్డ పదార్థం. ఎక్కువగా తేలుతూ ఒడ్డుకు చేరేదే. దొరికిన ముద్దను అమ్ముకోబోయినవాణ్ణి పట్టుకునే పోలీసును తప్పుపట్టను, కానీ దానివల్ల సముద్రంలో బతికే తిమింగలం ఎంత? ఓడ కొడితే ఏ షెడ్యూలూ పలకదు. ఓడ కెప్టెనుకు కూడా తెలియకపోవచ్చు. రేవుకొచ్చాక ముక్కుకు చుట్టుకుని కళేబరం కనిపించిన సందర్భాలు ప్రపంచంలో ఎన్నో. చట్టం కోరుకునేది ఉద్దేశం, సాధనం, దొరికిన మనిషి. ఇక్కడ మూడూ లేవు.

అసలు వాటిని కాపాడటమే వద్దనేవాళ్లూ ఉన్నారు. తిమింగలాలు మన చేపలు తినేస్తాయి కాబట్టి వాటిని తగ్గిస్తేనే మేలని జపాన్ వేట సమర్థకులు చాలాకాలం వాదించారు. అతి పెద్దవి తినేది రొయ్యలాంటి క్రిల్‌ను. పైగా దక్షిణ ధ్రువంలో తిమింగలాలు పోయాక క్రిల్ పెరగలేదు, తగ్గింది. వాటి మలంలోని ఇనుము పైనీళ్లకు ఎరువవుతుందన్న వివరణ చాలావరకు నిలబడింది. అక్కడినుంచి కొందరు మరో కొసకు వెళ్లారు. అంతర్జాతీయ ద్రవ్య నిధి ఆర్థికవేత్తలు 2019లో ఒక్కో పెద్ద తిమింగలం చేసే కార్బన్ సేవ విలువ 20 లక్షల డాలర్లకు పైనే అని రాశారు. ఆ లెక్క వెనక ఊహలు ఎక్కువ, కొలతలు తక్కువ. ఒకవేళ రేపు ఆ విలువ రెండు వేల డాలర్లని తేలితే కాపాడటం మానేస్తామా? తప్పుడు కొలబద్ద తాత్కాలికంగా మనవైపు మొగ్గినా దాన్ని పట్టుకోకూడదు.

చంద్రపూర్‌లో నిలబడి మాట్లాడేవాడు తప్పించుకోలేని అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇక్కడ పులుల చేతిలో ఏటా పదుల సంఖ్యలో మనుషులు పోతున్నారు. 2025 మే నెలలోనే తునికాకు కోతకు అడవికెళ్లినవాళ్లు వరసగా బలయ్యారు. అలాంటి జిల్లాకు దూరపు సముద్రంలోని జంతువు మీద జాలి ఒక విలాసం కాదా? పులి విషయంలో రెండు పక్షాలకూ చావులున్నాయి, అందుకే అక్కడ ప్రతి నిర్ణయం కష్టం. ఒక ఊరి పొలం కంచెలో కరెంటు ఎందుకు పారిందో అర్థం చేసుకోకుండా చచ్చిన పులికి ఏడవడం అన్యాయమే. తిమింగలం ఎవరి పిల్లనూ ఎత్తుకుపోదు, ఎవరి పంటా తొక్కదు. దాన్ని కాపాడటానికి అడిగే మూల్యం కొన్ని గంటల ప్రయాణం, కొన్ని మీటర్ల తాడు, కొన్ని వేల రూపాయల వల బిల్లు. పులి దగ్గర మనం చేయలేకపోతున్నదానికి కారణాలు బలమైనవి, సముద్రం దగ్గర అంత బలమైన కారణాలు లేవు. అందుకే మొదటి భారం ఎవరి మీద వేయాలన్నది కూడా తేలిక ప్రశ్నే: కొద్ది సంఖ్యలో, డబ్బున్న, ఉపగ్రహం ద్వారా నిమిష నిమిషానికీ జాడ తెలిసే ఓడల మీద; పడవలవాళ్ల మీద తర్వాత, అదీ డబ్బు ముందు చేతికిచ్చాక.

మన తీరంలో ఎన్ని తిమింగలాలు ఓడలకు బలవుతున్నాయో లెక్క లేదు కదా, లెక్క తేలాక చూద్దాం అనేది ఆఖరి మాట, అన్నిటికంటే సౌకర్యమైన మాట. లెక్క ఎందుకు లేదో చూస్తే దాని బలం తెలుస్తుంది. 2015 జూన్‌లో అలీబాగ్ దగ్గర రేవ్‌దండాలో 42 అడుగుల నీలి తిమింగలం కొట్టుకొచ్చి చచ్చింది. 2023 నవంబరులో గణపతిపుళెలో 20 అడుగుల నీలి తిమింగలం పిల్ల బతికుండగానే ఒడ్డెక్కింది. ఊరివాళ్లు నీళ్లు చల్లుతూ, దుప్పట్లు కప్పుతూ, అధికారులు జేసీబీలు, టగ్గు తెప్పించి రెండ్రోజులు కష్టపడి లోపలికి పంపితే అది మళ్లీ వెనక్కొచ్చి చచ్చిపోయింది. అదే ఏడాది జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి 25 అడుగుల కళేబరం వచ్చింది. ఇలాంటిచోట సాధారణంగా జరిగేది మనకు తెలిసిందే: జనం ఫొటోలు దిగుతారు, వాసన లేవకముందే గొయ్యి తీసి పూడ్చేస్తారు. చర్మం కింద కమిలిన రక్తం ఉందా, పక్కటెముకలు ఒకే వరసలో విరిగాయా, తోక మొదట్లో తాడు కోత ఉందా అన్నవి చూస్తే ఓడో వలో చాలావరకు తెలుస్తుంది. అందుకు ఒక పశువైద్యుడు, పెద్ద కత్తులు, పూడ్చడానికి ముందు ఒక పూట చాలు.

ఈలోగా నిర్ణయాలు జరిగిపోతున్నాయి. మేఘవరం ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. పాల్‌ఘర్ జిల్లాలో 76 వేల కోట్ల వాధవన్ రేవుకు 2024 ఆగస్టులో అయింది. గోందియా–బల్లార్షా మార్గానికి రెండో లైను వేయడానికి 2025లో కేంద్రం ఆమోదించింది. రైల్వే పనిలో వంతెన ఎక్కడ రావాలో, ఏ మలుపులో వేగం తగ్గాలో నక్షా దశలోనే అడిగే మనుషులు చంద్రపూర్‌లో ఉన్నారు. వాళ్లు అడగడం నేర్చుకున్నది పులి పిల్లలు చచ్చాక. రేవుల నక్షా దశలో అడగాల్సిన ప్రశ్నలు అంతకంటే చిన్నవి: వచ్చే ఓడల దారి లోతు అంచును ఎక్కడ దాటుతుంది, ఆ ముక్కలో వేగం ఎంత, దెబ్బ తగిలితే ఏ కార్యాలయానికి ఎన్ని గంటల్లో చెప్పాలి, ఒడ్డున పడ్డ కళేబరానికి శవపరీక్ష ఎవరి ఖర్చు. రేవు లోతు తవ్వి, బెర్తులు కట్టి, ఓడల వేళాపట్టిక ఖరారయ్యాక ఇవే ప్రశ్నలు అడిగితే శ్రీలంక దగ్గర పదేళ్లకు పైగా ఏం జరిగిందో అదే ఇక్కడా జరుగుతుంది.